ముందు కాగితం, తర్వాతే పానా

వేలం సైట్లలో కనిపించే ధరలు అమెరికాకు కొత్తగా వచ్చినవాళ్లను నిద్రపోనివ్వవు. డీలరు దగ్గర పద్నాలుగు వేల డాలర్లు పలికే క్యామ్రీ అక్కడ ఐదు వేల దగ్గర ఆగి ఉంటుంది. ఫొటోలో ముందు బంపరు ఊడిపోయి, ఒక లైటు పగిలి, బానెట్ కాస్త పైకి లేచి కనిపిస్తుంది. అంతే కదా అనిపిస్తుంది. తెలిసిన మెకానిక్ ఉన్నాడు, జంక్‌యార్డులో సామాన్లు దొరుకుతాయి, రూమ్మేట్ సాయం పడతాడు. డల్లాస్, ఆస్టిన్ చుట్టుపక్కల మన పిల్లలు ఉండే అపార్ట్‌మెంట్లలో ఈ లెక్క వేయనివాళ్లు తక్కువ.

ఆ లెక్క ఎప్పుడూ తప్పేనని నేను అనను. అలాంటి కారును చక్కగా బాగు చేయించుకుని ఏళ్ల తరబడి నడుపుకుంటున్నవాళ్లు ఉన్నారు. వాళ్లు పని చేసిన వరస మాత్రం వేరు. చాలామంది ముందు కారు కొంటారు, తర్వాత రిపేరు చేయిస్తారు, అంతా అయ్యాక కాగితాల కోసం ఆఫీసుకు వెళతారు. దీన్ని పూర్తిగా తిరగేసి చేయాలి. మొదట కాగితం చూడాలి, ఆ తర్వాత లెక్క కట్టాలి, పానా పట్టడం చిట్టచివర. ఈ అధ్యాయమంతా ఆ వరస గురించే. ఈ దేశంలో కారు కాగితాల వ్యవహారం రాష్ట్రానికో తీరుగా ఉంటుంది కాబట్టి టెక్సస్ నియమాలను పట్టుకుని చెబుతాను. రాష్ట్రం మారితే తేడా ఎక్కడ వస్తుందో మధ్యమధ్యలో చూద్దాం.

కాగితం మీద పడే ముద్ర

మన దగ్గర బండికి ఆర్సీ ఒక్కటే ఉంటుంది. యజమాని ఎవరో, రోడ్డు మీద తిరిగే హక్కు ఉందో లేదో రెండూ దాంట్లోనే తెలుస్తాయి. అమెరికాలో ఇవి రెండు వేర్వేరు కాగితాలు. టైటిల్ యాజమాన్యానికి, రిజిస్ట్రేషన్ రోడ్డుకు. ఇంకో తేడా ఉంది. మన దేశంలో రిపేరు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే బీమా కంపెనీ దాన్ని టోటల్ లాస్ కింద లెక్కగట్టి డబ్బిస్తుంది, శకలాన్ని ఎవరికో అమ్మేస్తారు. ఆ బండి తిరిగి రోడ్డెక్కితే దాని గతం ఆర్సీ మీద ముద్రగా కనిపించదు. ఇక్కడ కనిపిస్తుంది. అదీ జీవితాంతం.

పెద్ద దెబ్బ తగిలిన కారుకు ఉన్న మామూలు టైటిల్ రద్దయి, దాని స్థానంలో సాల్వేజ్ టైటిల్ వస్తుంది. ఎంత దెబ్బకు అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. అలబామాలో రిపేరు ఖర్చు కారు విలువలో 75 శాతానికి చేరితే చాలు, ఫ్లోరిడాలో 80. టెక్సస్‌లో ఆ ఖర్చు ప్రమాదానికి ముందున్న కారు విలువను పూర్తిగా దాటాలి, అదీ రంగు వేసే ఖర్చు, పన్ను తీసేసి లెక్కగట్టాక. అంటే టెక్సస్ సాల్వేజ్ టైటిల్ చేతికొచ్చిందంటే ఆ కారు చిన్న దెబ్బ తిన్నది కాదు. ఫొటోలో బంపరు ఒక్కటే పోయినట్టు కనిపిస్తుంటే, కనిపించని చోట ఇంకేదో పోయిందని అర్థం. నిపుణులైన బీమా అంచనాదారులు స్వయంగా చూసి, బాగుచేయడం దండగని తేల్చిన కారు అది. వాళ్లకు దండగైనది మీకు లాభం ఎలా అవుతుందో చెప్పగలిగితేనే ముందుకు వెళ్లండి. సమాధానం ఉండే అవకాశం ఉంది. బాడీ షాపు గంటకూలీ, కొత్త కంపెనీ సామాన్ల ధర వాళ్ల లెక్కలో ఉంటాయి, మీకు అంత అవసరం పడకపోవచ్చు. ఆ సమాధానం గాల్లో కాకుండా అంకెల్లో ఉండాలి.

సాల్వేజ్ టైటిల్ ఉన్నంతకాలం ఆ కారును రోడ్డు మీద నడపకూడదు. మెకానిక్ దగ్గరకైనా, తనిఖీకైనా టోయింగ్ ట్రక్కు మీదో ట్రెయిలర్ మీదో తీసుకెళ్లాల్సిందే. ఇంటి నుంచి షాపు అరమైలే కదా అన్న మాట పోలీసు దగ్గర చెల్లదు. బాగుచేసి, కాగితాలు పెట్టి, ఫీజు కడితే టైటిల్ మీద 'రీబిల్ట్ సాల్వేజ్' అన్న మాటతో కొత్తది వస్తుంది. అప్పుడే ప్లేట్లు, అప్పుడే రోడ్డు. కారు తిరిగి 'క్లీన్' కావడం మాత్రం ఎన్నటికీ జరగదు. అలా చేసి పెడతానని ఎవరైనా అంటే చట్టం కళ్లుగప్పే పని చేస్తానంటున్నాడని తెలుసుకుని దూరంగా జరగండి.

ముట్టుకోకూడని కాగితాలు

వేలం జాబితాలో కారు ఫొటో కంటే ముందు చూడాల్సింది 'టైటిల్ రకం' అన్న వరస. అక్కడ 'నాన్‌రిపేరబుల్' అని గానీ, ఫ్లోరిడా కార్లకైతే 'సర్టిఫికెట్ ఆఫ్ డిస్ట్రక్షన్' అని గానీ ఉంటే ఆ కారు సామాన్ల కోసం విప్పుకోవడానికో తుక్కు కింద తూకం వేయడానికో తప్ప పనికిరాదు. ఎంత అద్భుతంగా బాగుచేసినా దానికి రోడ్డు టైటిల్ రాదు. రెండు వేలకే కొత్త మోడల్ వస్తోందంటే తరచూ ఇదే కారణం.

రెండోది ఇంతకంటే మామూలుగా ఎదురయ్యే ప్రమాదం. అమ్ముతున్న మనిషి పేరు టైటిల్ మీద ఉండదు. వేలంలో కొన్నాయన తన పేరున మార్పించుకోకుండా, పాత యజమాని సంతకం పెట్టిన కాగితాన్ని అలాగే చేతులు మార్చేస్తాడు. దీన్ని టైటిల్ జంపింగ్ అంటారు. పన్ను, ఫీజు తప్పించుకోవడానికి చేసే ఈ పని చట్టవిరుద్ధం. దాని భారమంతా చివర కొన్నవాడి మీద పడుతుంది. కౌంటర్‌లో గుమస్తా 'ఈ మధ్యవ్యక్తి ఎవరు, ఆయన కాగితం ఏది' అని అడిగితే మీ దగ్గర జవాబుండదు. అమ్మేవాడి గుర్తింపు కార్డు మీద పేరు, టైటిల్ మీద పేరు పక్కపక్కన పెట్టి చూడండి. వాట్సాప్‌లో పంపిన ఫొటో సరిపోదు, అసలు కాగితం చేతిలోకి తీసుకోండి. అమ్మేది మనవాడే అయినా సరే, ముఖ్యంగా మనవాడే అయితే, మొహమాటం పెట్టుకోకుండా అడగండి. 'ఏంటి అన్నా, నమ్మకం లేదా' అంటే, 'నమ్మకం ఉంది తమ్ముడూ, కౌంటర్‌లో వాళ్లకు కూడా చూపించాలిగా' అనండి.

ఆ తర్వాత విన్ నంబరు. 1981 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకూ 17 అక్షరాలు, అంకెలతో ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. డ్యాష్‌బోర్డు మీద అద్దంలోంచి ఒకటి, డ్రైవరు తలుపు అంచున స్టిక్కరు మీద ఒకటి కనిపిస్తాయి. రెండూ కలవాలి, రెండూ టైటిల్‌తో కలవాలి. ఆ నంబరుతో మూడుచోట్ల వెతకండి. నేషనల్ ఇన్సూరెన్స్ క్రైమ్ బ్యూరో సైట్‌లో దొంగతనం, సాల్వేజ్ చరిత్ర ఉచితంగా చూడొచ్చు. జాతీయ రహదారి భద్రతా సంస్థ సైట్‌లో పెండింగ్ రీకాల్స్ కూడా ఉచితమే. మూడోది నేషనల్ మోటార్ వెహికల్ టైటిల్ ఇన్ఫర్మేషన్ సిస్టమ్. 1992 నాటి కారు దొంగతనాల నిరోధక చట్టం నుంచి పుట్టిన వ్యవస్థ ఇది, న్యాయశాఖ పర్యవేక్షణలో నడుస్తుంది. 2009 నుంచి బీమా కంపెనీలు, జంక్‌యార్డులు నెలనెలా తమ దగ్గరికొచ్చిన కార్ల వివరాలు దీనికి పంపాలి. ఒక రాష్ట్రంలో ముద్ర పడిన కారును ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లి శుభ్రమైన టైటిల్ పుట్టించే మోసాన్ని ఆపడానికే దీన్ని పెట్టారు. కొద్ది డాలర్లతో నివేదిక వస్తుంది. పెట్టండి.

నీళ్లు, ఉక్కు, వడగళ్లు

కాగితం బాగానే ఉందనుకుందాం. ఇప్పుడు దెబ్బ రకం.

వరద కారు కొనవద్దు. ఈ ఒక్క మాటకు నేను మినహాయింపు పెట్టను. 2017 ఆగస్టులో హార్వీ తుపాను హ్యూస్టన్‌ను ముంచినప్పుడు లక్షల కార్లు నీళ్లలో నిలిచాయి. అలాంటి కార్లు తర్వాత ఎండి, తుడిచి, మెరిసి దేశమంతా చేరతాయి. నీరు ఇంజిన్‌ను పాడుచేసి ఊరుకుంటే బాధలేదు, ఇంజిన్ మార్చుకోవచ్చు. కార్పెట్ కింద పరుచుకున్న వైర్ల కట్టల్లో, వాటి కనెక్టర్లలో, ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్‌లో తుప్పు నెమ్మదిగా పాకుతుంది. ఆరు నెలలకు ఒక లైటు, ఏడాదికి ఇంకో లైటు వెలుగుతుంది. ఏ మెకానిక్కూ అంతు చిక్కదు. సముద్రపు నీరైతే మరీ ప్రమాదం. 2022లో ఇయన్ తుపాను తర్వాత ఫ్లోరిడాలో ఉప్పునీట మునిగిన కొన్ని ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలు రోజుల తరబడి ఆగి అంటుకున్నాయి. వరద అని టైటిల్ మీద రాయకపోయినా మీరే పట్టుకోవచ్చు. సీటు బెల్టును చివరిదాకా లాగి మరకల గీత ఉందేమో చూడండి. సీటు పట్టాల కింద తుప్పు, డిక్కీలో స్టెప్నీ టైరు గుంటలో ఒండ్రు, హెడ్‌లైటు లోపల తేమ, గాఢమైన సెంటు వాసన చాలు.

ప్రమాదం కారైతే చూడాల్సింది అస్థిపంజరం. ఈనాటి కార్లకు వేరే ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. ప్రయాణికుల చుట్టూ వాడే అతి గట్టి ఉక్కును వేడిచేసి సాగదీస్తే దాని బలం పోతుంది. కంపెనీ చెప్పిన పద్ధతిలో కోసి కొత్త ముక్క వేయాలి. పైన రంగు వేశాక అదెలా చేశారో ఎవరికీ కనిపించదు. మీ చేతిలో ఉన్న చవకైన పరీక్ష నాలుగు చక్రాల అలైన్‌మెంట్. చేయించి, ప్రింటు కాగితం అడిగి తీసుకోండి. వెనక చక్రాల దిశ చూపే అంకె హద్దులోకి రావడం లేదని షాపువాళ్లు అంటే, లోపల ఏదో వంగి ఉందని బలంగా అనుమానించాలి.

బాగుచేయడానికి అన్నిటికంటే నమ్మకమైనవి వడగళ్లకు టాపు, బానెట్ సొట్టలు పడినవీ, దొంగతనానికి గురై తర్వాత చక్రాలో సీట్లో లేకుండా దొరికినవీ. వీటిలో సాధారణంగా అస్థిపంజరానికి దెబ్బ ఉండదు.

'అన్నా, రన్ అండ్ డ్రైవ్ అని రాశారు, బండి నడుస్తోందట' అని తరచూ ఫోన్లు వస్తాయి. వేలం యార్డుకు వచ్చిన రోజు అది స్టార్ట్ అయింది, గేరు పడింది, కొంచెం కదిలింది అని మాత్రమే దానర్థం. రోడ్డు మీదికి పనికొస్తుందన్న హామీ అందులో ఎక్కడా లేదు. వీలైతే యార్డుకు స్వయంగా వెళ్లండి, లేదా డబ్బిచ్చి మెకానిక్‌ను పంపండి.

లెక్క

ఒక ఊహా లెక్క వేద్దాం. క్లీన్ టైటిల్‌తో 14,000 డాలర్లు పలికే కారు. రీబిల్ట్ ముద్రతో అమ్మితే మామూలుగా 20 నుంచి 40 శాతం దాకా తక్కువ వస్తుంది, మధ్యస్థంగా 30 అనుకుంటే 9,800. మీరు 5,000కు పాడారు. వేలం ఫీజులు, గేటు ఫీజు కలిపి ఓ 900. టోయింగ్ 300. సామాన్లు, కూలీ 3,500. ఎయిర్‌బ్యాగులు విచ్చుకున్నాయి కాబట్టి వాటికి, సీటు బెల్టులకు, మాడ్యూల్‌కు 2,000, ఇది తక్కువ అంచనాయే. అలైన్‌మెంట్, స్కానింగ్, కెమెరాల సర్దుబాటు 500. టెక్సస్‌లో కొన్న ధర మీద 6.25 శాతం పన్ను, టైటిల్, రీబిల్ట్ ఫీజు, రిజిస్ట్రేషన్ కలిపి సుమారు 475. మొత్తం 12,675. అంటే 9,800 విలువైన కారు మీద 12,675 పెట్టారు. మీ శనివారాలు ఇందులో కలపలేదు.

అదే కారు ఎయిర్‌బ్యాగులు విచ్చుకోకుండా, పక్క తలుపు దెబ్బతో వచ్చిందనుకోండి. పాట కొంచెం పెరిగి 5,500 అవుతుంది. ఫీజులు 950, టోయింగ్ 300, రిపేరు 1,500, పరీక్షలు 300, పన్ను, కాగితాలు 500. మొత్తం 9,050. మిగిలేది 750 డాలర్లు. లాభం కోసం చేసే పనైతే ఇది చాలదు. ఐదారేళ్లు నడుపుకోవడానికైతే పరవాలేదు. ఇంకో మాట, ఒకటి కలిసొచ్చిందని వరసగా కొని, బాగుచేసి, అమ్మడం మొదలుపెట్టకండి. రాష్ట్రం దృష్టిలో అది లైసెన్సు కావాల్సిన వ్యాపారం. స్టూడెంట్ వీసా మీదా, హెచ్-1బీ మీదా ఉన్నవాళ్లకు అది అనుమతి లేని పని కిందకు వచ్చి, కారుతో పోల్చలేనంత పెద్ద నష్టం తెచ్చిపెట్టగలదు.

పాట పాడే ముందే ఇంకో ఫోను చేయాలి, బీమాకు. టెక్సస్‌లో కనీస బీమా ఒక మనిషి గాయాలకు 30,000, ఒక ప్రమాదానికి మొత్తం 60,000, ఎదుటివారి ఆస్తికి 25,000 డాలర్ల మేరకు ఉండాలి. ఇంత మాత్రం రీబిల్ట్ కారుకు చాలా కంపెనీలు ఇస్తాయి. మీ కారుకు జరిగే నష్టాన్ని కూడా భరించే పాలసీని కొన్ని కంపెనీలు అసలు ఇవ్వవు, ఇచ్చినా రేపు క్లెయిము వచ్చినప్పుడు విలువ తగ్గించే కడతాయి. బ్యాంకులు కూడా ఇలాంటి కారుకు అప్పివ్వడానికి వెనకాడతాయి. విన్ నంబరు చెప్పి, 'సాల్వేజ్ నుంచి రీబిల్ట్ చేయిస్తున్నాను, ఏ పాలసీ ఇస్తారు' అని అడిగి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి.

టోటల్ అయింది మీ సొంత కారే, దాన్ని మీరే ఉంచుకోవాలనుకుంటే దారి కాస్త వేరు. బీమా కంపెనీ శకలం విలువ మినహాయించుకుని మిగతా డబ్బిస్తుంది, కారు మీ దగ్గరే ఉన్నట్టు రాష్ట్రానికి తెలియజేస్తుంది. ఆ క్షణం నుంచి పాత టైటిల్‌తో దాన్ని నడపడానికీ అమ్మడానికీ వీల్లేదు. దాని గతం మీకు తెలుసు, అది నిజంగా పెద్ద సుగుణం. కంపెనీ వేసిన అంచనా కాపీ తప్పక అడగండి, దెబ్బతిన్న ప్రతి భాగం పేరూ అందులో ఉంటుంది. రిపేరుకు అంతకంటే మంచి పట్టిక దొరకదు.

పానా పట్టిన రోజు నుంచి

కారు వచ్చిన రోజే, ఒక్క మర కూడా విప్పకముందే, నాలుగు వైపులా, లోపల, కింద ఫొటోలు తీయండి. తేదీ పడేలా చూసుకోండి. ప్రతి దశలో మళ్లీ తీయండి. ఒక ఫోల్డరు పెట్టి ప్రతి రసీదూ అందులో వేయండి. టెక్సస్ చట్టం రీబిల్ట్ టైటిల్ దరఖాస్తులో ఏయే ప్రధాన భాగాలు మార్చారో, అవి ఎవరి దగ్గర కొన్నారో, ఆ భాగాల మీద ఉండాల్సిన గుర్తింపు సంఖ్య ఏమిటో రాయమంటుంది. జంక్‌యార్డులో తలుపు కొంటే అది ఏ కారు నుంచి ఊడదీశారో ఆ కారు విన్ నంబరు రసీదు మీద రాయించుకోండి. అప్పుడు అడిగితే నిమిషంలో రాసిస్తారు, నాలుగు నెలల తర్వాత వెళితే ఆ కారు నలిగి ఇనుప ముద్దై ఉంటుంది. ఫేస్‌బుక్‌లో ఎవరిదగ్గరో కొన్న ఇంజిన్‌కైతే అమ్మినవాడి పేరు, చిరునామా, సంతకంతో చేతిరాత రసీదైనా ఉండాలి. ప్రభుత్వం ఇంత వివరంగా అడగడానికి అసలు కారణం దొంగ కార్ల సామాన్లు. మీరు కొన్న ఇంజిన్ దొంగసొత్తని తేలితే రసీదు ఒక్కటే మిమ్మల్ని కాపాడేది.

ఇక ఎయిర్‌బ్యాగులు. ఈ అధ్యాయంలో ఇంకేదీ గుర్తు లేకపోయినా ఇది గుర్తుంచుకోండి. 2024 జులైలో జాతీయ రహదారి భద్రతా సంస్థ ఒక హెచ్చరిక ఇచ్చింది. అంతకు ముందు తొమ్మిది నెలల్లో నాసిరకం ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్ల వల్ల ముగ్గురు చనిపోయారు, ఇద్దరు జీవితాంతం మిగిలే గాయాలతో బయటపడ్డారు. ఆ కార్లన్నీ అంతకుముందు ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు విచ్చుకుని, తర్వాత ఎవరో చవక సామాను వేసి బాగుచేసినవి. కాపాడాల్సిన సంచి పేలి, ఇనుప తునకలు డ్రైవరు ఛాతీలోకి, మెడలోకి, ముఖంలోకి దూసుకుపోయాయి. మామూలుగా అయితే బతికి బయటపడే గుద్దుళ్లు అవి.

అందుకని ఇంటర్నెట్‌లో వంద, రెండు వందల డాలర్లకు దొరికే ఎయిర్‌బ్యాగ్ కొనవద్దు. జంక్‌యార్డు నుంచి పాతది తెచ్చినా చిక్కే, అది తకాటా అనే కంపెనీ తయారుచేసి, లోపం వల్ల రీకాల్‌లో ఉన్నదే కావచ్చు. ఆ ఒక్క రీకాల్ కిందే అమెరికాలో సుమారు 6.7 కోట్ల ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. కంపెనీ డీలరు పార్ట్స్ కౌంటర్‌కు వెళ్లి, విన్ నంబరు చెప్పి, కొత్తది కొని, శిక్షణ ఉన్న మనిషితో బిగించండి. ధర ఎక్కువే, ఒక్క స్టీరింగ్ బ్యాగే వందల డాలర్లు. ఆ ధర మీ లెక్కలో పట్టకపోతే ఆ కారు మీ లెక్కలో పట్టదు. ఎయిర్‌బ్యాగుతోపాటు సీటు బెల్టు బిగించే యంత్రం కూడా పేలి ఉంటుంది, దాన్ని చాలామంది మరిచిపోతారు.

ఎవరో బాగుచేసిన రీబిల్ట్ కారు కొంటున్నా ఇదే అనుమానం పెట్టుకోండి. తాళం తిప్పినప్పుడు ఎయిర్‌బ్యాగ్ లైటు కొన్ని సెకన్లు వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే ఆ లైటును తీసేసి ఉండొచ్చు. వెలిగి ఆరినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు, ఎయిర్‌బ్యాగ్ లేని చోట చిన్న రెసిస్టరు పెట్టి కంప్యూటరును నమ్మించేవాళ్లున్నారు. స్టీరింగ్ కవరు తీయించి, లోపలున్నది కంపెనీదేనా అని డీలరు సర్వీసులో చూపించడం ఒక్కటే నమ్మదగ్గ మార్గం. అమ్మేవాడు దానికి ఒప్పుకోకపోతే తిరిగి వచ్చేయండి.

కౌంటర్ దగ్గర

టెక్సస్‌లో ఈ పని జరిగేది కౌంటీ ట్యాక్స్ ఆఫీసులో. సాల్వేజ్ టైటిల్ అసలు కాగితం, టైటిల్ దరఖాస్తుకు 130-యూ ఫారం, మార్చిన భాగాల వివరాలతో వీటీఆర్-61 అనే రీబిల్ట్ వాహన ప్రకటన, మీ గుర్తింపు కార్డు, బీమా రుజువు తీసుకెళ్లాలి. కౌంటీని బట్టి 28 లేదా 33 డాలర్ల టైటిల్ ఫీజు, దాని మీద రీబిల్ట్ ఫీజు 65, అమ్మకపు పన్ను, మామూలు కారుకైతే 50.75 మూల రిజిస్ట్రేషన్ రుసుము, కొన్ని చిల్లర ఫీజులు ఉంటాయి. వెళ్లేముందు మీ కౌంటీ ఆఫీసుకు ఒకసారి ఫోను చేసి జాబితా సరిచూసుకోండి, ఫీజులు మారుతుంటాయి.

ఇక్కడ నాకు కలవరం కలిగించే సంగతి ఒకటుంది. వీటీఆర్-61 మీరు సంతకం పెట్టి ఇచ్చే మాట. దాన్ని కౌంటర్‌లో తీసుకుంటారు, కారు దగ్గరకు ఎవరూ రారు. దానికి తోడు 2025 జనవరి 1 నుంచి టెక్సస్ సొంత కార్లకు ఏటేటా చేసే భద్రతా తనిఖీని ఎత్తేసింది. బ్రేకులు, లైట్లు, టైర్లు చూసే ఆ చిన్న తనిఖీ కూడా ఇప్పుడు లేదు, దాని బదులు 7.50 డాలర్ల రుసుము మాత్రం ఉంది. డల్లాస్, కాలిన్, డెంటన్, హ్యారిస్, ట్రావిస్ లాంటి 17 కౌంటీల్లో పొగ పరీక్ష మిగిలింది. అంటే రీబిల్ట్ టైటిల్ ఇచ్చిన రాష్ట్రం ఆ కారు భద్రమని ఎక్కడా అనలేదు. న్యూయార్క్‌లో సాల్వేజ్ కార్లకు అధికారులే స్వయంగా చేసే పరీక్ష ఉంది, కానీ వాళ్లు వెతికేది దొంగ సామాన్లను, అది భద్రతా తనిఖీ కాదని వాళ్లే స్పష్టంగా చెబుతారు. ఒహాయోలో స్టేట్ హైవే పెట్రోల్ రసీదులు, నంబర్లు సరిచూస్తుంది. కాలిఫోర్నియా 2024 నుంచి పాత లైట్లు, బ్రేకుల పత్రాల స్థానంలో వాహన భద్రతా వ్యవస్థల తనిఖీని తెచ్చింది, అక్కడ మాత్రం ఆ పత్రం లేకుండా పని జరగదు. టెక్సస్‌లో ఉన్న మీరు అలాంటి తనిఖీని మీ ఖర్చుతో మీరే చేయించుకోవాలి. రిపేరు చేసిన షాపులో కాకుండా వేరే షాపులో బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్, ఎయిర్‌బ్యాగ్ వ్యవస్థ స్కానింగ్ చేయించి, నివేదిక రాతపూర్వకంగా తీసుకోండి. ముందు అద్దమో బంపరో మార్చి ఉంటే వాటి వెనకున్న కెమెరా, రాడార్ సర్దించారా అని అడగండి. దానంతటదే బ్రేకు వేసే కారు తప్పు దూరాన్ని చూస్తే చాలా ప్రమాదం.

పొగ పరీక్షలో ఒక చిక్కు వస్తుంది. రిపేరులో బ్యాటరీ తీసి పెట్టినా, లోపాల కోడ్లు చెరిపినా కారు కంప్యూటరు తన పరీక్షలను మొదటి నుంచి చేసుకోవాలి, దానికి కొంత దూరం నడవాలి. అవి పూర్తికాకుండా వెళితే పరీక్ష పోతుంది. రోడ్డెక్కకుండా నడపడం ఎలా? 130-యూ ఫారంలో రిజిస్ట్రేషన్ లేకుండా టైటిల్ మాత్రమే అడిగే వీలుంది. రీబిల్ట్ టైటిల్ చేతికొచ్చాక తాత్కాలిక పర్మిట్ గురించి అదే కౌంటర్‌లో అడిగి, బీమాతో నడిపి, అప్పుడు పరీక్షకు వెళ్లండి.

ఊరు మారితే, అమ్మితే

టెక్సస్‌లో చదువు ముగిసి న్యూజెర్సీలోనో ఒహాయోలోనో ఉద్యోగం వస్తుంది. కారు సగం బాగై, సాల్వేజ్ టైటిల్‌తోనే ఉంటే అక్కడి నియమాలు, అక్కడి తనిఖీలు వర్తిస్తాయి. కాగితాలన్నీ అక్కడి తీరులో మళ్లీ మొదలుపెట్టాలి, కారును ట్రక్కు మీద పంపాలి. మొదలుపెట్టిన రాష్ట్రంలోనే రీబిల్ట్ టైటిల్ తీసుకుని కదలండి. ఆరు నెలల్లో ఊరు వదిలే అవకాశం ఉంటే ఇలాంటి కారు మొదలుపెట్టకపోవడమే మంచిది.

అమ్మే రోజు ప్రకటన మొదటి వరసలోనే 'రీబిల్ట్ టైటిల్' అని రాయండి. కొనడానికి వచ్చేది బహుశా మీలాగే కొత్తగా దిగిన కుర్రాడు, వాడి వెంట రేపు అదే కారులో నలుగురు ఎక్కుతారు. ముందు తీసిన ఫొటోలు, రసీదులు, అలైన్‌మెంట్ ప్రింటు, ఎయిర్‌బ్యాగ్ బిల్లు ఉన్న ఫోల్డరు మొత్తం చేతికివ్వండి. ఒక కాపీ మీరు ఉంచుకోండి. టైటిల్ వెనక సంతకం పెట్టి పంపేయకుండా ఇద్దరూ కలిసి కౌంటీ ఆఫీసుకు వెళ్లి పేరు మార్పించండి. ప్లేట్లు విప్పి మీరే తెచ్చుకోండి. ముప్పై రోజుల్లోపు అమ్మకం నోటీసును రాష్ట్ర మోటారు వాహన శాఖ సైట్‌లో నమోదు చేయండి. అది ఉచితం. నమోదైన రోజు నుంచి ఆ కారు మీద పడే టోల్ బిల్లులూ టికెట్లూ మీ ఇంటికి రావు.